కుంకుమ భరిణెలో మాత్రలు

టూరు వాళ్లు ఇచ్చిన టోపీ నా తలకు పట్టలేదు. నాది అంత పెద్ద తలేమీ కాదు, అందులో పెద్దగా ఏమీ లేదని మా ఇంట్లో వాళ్లే చెబుతారు. అయినా ఆ పసుపుపచ్చ టోపీ నెత్తిమీద అప్పడంలా కూర్చునేది, గాలొస్తే లేచిపోయేది. గుంపులో తప్పిపోకుండా పెట్టుకోవాలట. కౌలాలంపూర్‌లో దిగిన ప్రతి గుంపుకూ పసుపుపచ్చ టోపీలే ఇచ్చినారని దిగినాక తెలిసింది.

మా ఊరు క్యాతగానచెర్లులో పొలాలు సోలార్ ప్యానెళ్ల కిందికి పోయినాక, లీజు వచ్చే ఇండ్లవాళ్లం కొందరం కలిసి చేసిన ప్రయాణమది. నేను డిగ్రీ చదివినాను, కామర్స్. అందుకని భాష, ఇంటర్నెట్, ఆరోగ్యం మూడు శాఖలూ నాకే వచ్చినాయి. నేను పోటీ చేసింది లేదు, ఎవరూ ఓటేసిందీ లేదు.

ఎయిర్‌పోర్టులో వైఫై ఉచితమే, ఓటీపీ కొడితే చాలు. ఓటీపీ వచ్చేది నా ఇండియా నంబరుకు. ఆ నంబరు పలకాలంటే రోమింగ్ వేయించాలి. రోమింగ్ వేయించాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇదంతా మావాళ్లకు విడమరిచి చెప్పినాను. ఒక పెద్దాయన ఓపిగ్గా విని, "సరేప్పా, ఇంతకీ వస్తాదా, రాదా?" అన్నాడు.

చివరికి అక్కడి సిమ్ కొని హాట్‌స్పాట్ పెట్టినాను. అంతటితో నాకు స్వేచ్ఛ పోయింది. నేను నాలుగడుగులు పక్కకు జరిగితే ఎవరిదో వీడియో కాల్ తెగేది. నీళ్ల తొట్టి చుట్టూ గొర్రెల మాదిరి నా చుట్టూ నిలబడి ఊరికి మాట్లాడేవాళ్లు. స్నానానికి పోతే తలుపు కొట్టేవాళ్లు.

ఇట్లుండగా ఒక గుడి మెట్ల దగ్గర మా మామ కండ్లు తిరిగి కూలబడినాడు. నేనూ అత్తా క్లినిక్కుకు తీసుకుపోయినాము. డాక్టరమ్మ బీపీ చూసింది. మళ్లీ చూసింది. రోజూ ఏ మాత్ర వేసుకుంటాడని నన్ను ఇంగ్లీషులో అడిగింది. అత్త సంచిలోనుంచి కుంకుమ భరిణె తీసి ఇచ్చింది.

అందులో మాత్రలున్నాయి, ఎర్రగా. వీటి రేకు ఏదంటే, పావగడ మెడికల్ షాపులో కావలసినన్ని కత్తెరతో కత్తిరించి ఇస్తారు. పేరుండే ముక్క ఎవరికొస్తే వాళ్ల అదృష్టం. ఆ వచ్చిన ముక్కల్ని కూడా అత్త బయలుదేరే ముందు వేరుశనక్కాయలు ఒలిచినట్టు ఒలిచి, భరిణెలో పోసుకొచ్చింది. సామాను తగ్గుతుందని.

"పేరు యాడ తెలుస్తాదిరా? చిన్న మాత్ర. పొద్దున్నే ఒకటి" అంది అత్త.

ఏ మందో తెలియకుండా దానిమీద ఇంకోటి ఇవ్వలేనని, బీపీ ఇంకాస్త పెరిగితే పెద్దాసుపత్రిలో చేర్చాలని డాక్టరమ్మ చెప్పింది. మాత్రల ఫోటో తీసి మామ కొడుక్కు పంపినాను. వాడు సోలార్ ప్లాంటులో ప్యానెళ్లు కడుగుతాడు. ఫోను గేటు దగ్గర ఇచ్చి లోపలికి పోవాలి. ఇవతల మామ మంచం మీద, అవతల ఫోను గేటు దగ్గర, మధ్యలో నేను. ఈలోగా మా గుంపులో ఒకామె హోటల్ నుంచి వెతుక్కుంటూ వచ్చింది. మామను చూడడానికే అనుకున్నాను. నెట్ పోయిందట.

వాడు పని దిగి, మెడికల్ షాపుకు పోయి, జవాబు పంపేసరికి సాయంత్రమైంది. ఎర్ర మాత్రలు తాను ఎప్పుడూ అమ్మలేదని, ఎవరివో ఏమో, మింగించొద్దని షాపాయన మాట.

నేను తల పట్టుకున్నాను. డాక్టరమ్మ మాత్రం తడి దూదితో ఒక మాత్రను తుడిచింది. లోపల తెల్లగా ఉంది. భరిణె కడిగే తెచ్చినానంటుంది అత్త, మూల మూలల్లో కుంకుమ అట్లే ఉంది. తెల్లదాని ఫోటో పంపితే వెంటనే పేరొచ్చింది. బీపీ మాత్రే.

డాక్టరమ్మ ముఖం తేలికపడలేదు. రోజూ ఇది వేసుకునే మనిషికి ఇంత బీపీ ఎందుకుంటుందని అడిగింది. అదే మామను అడిగినాను. మామ గోడవైపు చూసినాడు. దిగిన రోజు నుంచీ మింగలేదట. అత్త తెచ్చి తన చేతిలో పెడితే బాత్రూంలోకి పోయి పారేసినాడు. ఎర్రగా ఉన్నాయి కాబట్టి అత్త ఎవరి మాత్రలో మార్చి తెచ్చిందనుకున్నాడు. ఆమెతో అంటే పరాయి దేశంలో రచ్చ అవుతుందని ఊరుకున్నాడు.

నాకు కోపమొచ్చింది.

"నాకన్నా చెప్పల్ల కదా మామా? పొద్దస్తమానం నీ పక్కనే ఉంటి కదా."

మామ నావైపు తిరిగినాడు.

"చెబుదామనే వస్తినిరా, రెండుసార్లు. నువ్వు ఆ ఫోన్లోనుంచి తల ఎత్తితే కదా."