డ్రైవర్ మీసంతో కట్టిన ఈగ

పడవలో ముగ్గురున్నారు. ఇద్దరికి గడ్డాలు గుబురుగా పెరిగాయి. ఆ గడ్డాలు గీయవలసిన మూడో ఆయన కుడిచేతిని ఒళ్లో దాచుకుని కూర్చున్నాడు. తెల్లవారింది కానీ, సరస్సు మీద పొగమంచు ఇంకా లేవడానికి బద్ధకిస్తోంది.

వీధిలో అందరికీ అతను కత్తెర బావ. కటింగ్ షాపులో తడి గచ్చు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్న నాటి నుంచి ఆ షాపు తలుపు మూసే ఉంది. ఎముక అతికిందని డాక్టరు చెప్పాడు. వేళ్లకు మాత్రం ఆ మాట వినిపించినట్టు లేదు. నిన్న మధ్యాహ్నం, పని నేర్చుకున్న రోజుల్లోలాగే, ఒక బెలూనుకు సబ్బునురగ పూసి కత్తి ఆనించాడు. అది పేలిన చప్పుడుకు వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది. ముఖమంతా నురగతో నిలబడ్డ మొగుణ్ణి చూసి నవ్వబోయి, అతని కళ్లు చూసి ఆగిపోయింది. షాపు ఉంచుదామా, ఎత్తేద్దామా అని ఆమె అడగలేదు. రేపు సరస్సుకు వెళ్లొచ్చాక ఏదో ఒకటి తేల్చేస్తానని అతనే అన్నాడు.

ఈ ముగ్గురు స్నేహితుల చేపల వేటలో ఎరలుండవు. కొక్కేనికి దారంతో ఈకలు చుట్టి, చూపులకు ఈగలా చేసి, గాలపు దారాన్ని తల మీదుగా వెనక్కీ ముందుకీ ఊపి, నీటి మీద మెత్తగా వాలుస్తారు. దాన్ని దొంగ ఈగ అంటారు. ఈకలకు బదులు వీళ్లు వాడేది కత్తెర బావ షాపులో రాలిన వెంట్రుకలు. అవీ పడవలోని మిగతా ఇద్దరివే: మబ్బు పట్టిన రోజుకు మేష్టారి నెరిసిన జుట్టు, ఎండ రోజుకు బస్సు డ్రైవర్ మీసం. మేష్టారి నెత్తి మీద సరుకు అయిపోవస్తోందని, ఇక మబ్బు పడితే ఇంట్లో కూర్చోవాల్సిందేనని డ్రైవర్ ఏడిపిస్తుంటాడు. అందరి ఈగలూ చుట్టేది కత్తెర బావే. ఈగను గాలపు దారానికి కట్టే ముడి మాత్రం ఎవరిది వాళ్లే వేసుకోవాలి. చేప తెంచుకుపోతే పక్కవాణ్ణి తిట్టుకోకూడదు కదా.

బెలూను పేలాక, అగ్గిపెట్టెలో దాచిన డ్రైవర్ మీసం వెంట్రుకలు తీసి, భార్య కుట్టుపెట్టెలోని ఆకుపచ్చ దారంతో అతనొక ఈగ చుట్టాడు. దారం జారింది, మళ్లీ చుట్టాడు. పొద్దున పడవలో దాన్ని గాలపు దారానికి ముడి వేస్తున్నంతసేపూ మేష్టారు ఆకాశాన్నీ, డ్రైవర్ తన బూటు లేసునూ పరిశీలిస్తూ ఉండిపోయారు. ఈ ముడి ఒక్క చేపనైనా ఆపితే మళ్లీ కత్తి పట్టుకుంటాను, ఊడితే షాపు బోర్డు దింపేస్తాను. అతను నీళ్లతో లోలోపలే ఒప్పందం చేసుకున్నాడు.

పూట గడిచినా ఏ చేపా కరుణించలేదు. ఒడ్డున గాలపు కర్రల్ని ఒక పొదకు ఆనించి, తెచ్చుకున్నది తిని, మళ్లీ పడవెక్కారు. ఎండ నీటి మీద చిల్లర వెలుగులు జల్లుతోంది. కత్తెర బావ ఈగను వాల్చాడు, లాగాడు, వాల్చాడు. అతని వైపు నీళ్లు కదల్లేదు. సరస్సు కూడా మొహమాటపడుతోంది కాబోలు, లేదని చెప్పలేక ఊరుకుంది అనుకున్నాడు. ఆ బోర్డు మేకులు తుప్పు పట్టి ఉంటాయి, ఊడదీయడానికి ఎవర్ని పిలవాలా అని కూడా ఆలోచించాడు.

అప్పుడు డ్రైవర్ కర్ర విల్లులా వంగింది.

"బావా, వల పట్టు. ఇది చేపలా లేదు, నా బస్సులా లాగుతోంది."

దారం నీటిని కోస్తూ పడవ చుట్టూ తిరిగింది. మేష్టారు ఆ పక్కకు ఒరిగి, పడవ కూడా ఒరగడంతో మళ్లీ ఇటు జరిగాడు. చాలాసేపు పెనుగులాడాక చేప అలిసి పైకి తేలింది. కత్తెర బావ వలను దాని కిందికి దూర్చి ఎత్తాడు. ఎంత గట్టి ముడి వేశాడు వీడు అనుకున్నాడు.

కొక్కెం తీసే పని ఎప్పుడూ అతనిదే. అలవాటుగా ఇద్దరూ చేపను అతని ముందుకు జరిపారు. అతనూ అలవాటుగానే వంగి, తెరుచుకుంటూ మూసుకుంటున్న ఆ నోట్లోకి వేళ్లు పోనిచ్చి, కొక్కేన్ని కొద్దిగా తిప్పి, బయటికి తీశాడు. అరచేతిలో తడిసిన మీసం ఈగ. దాని నడుముకు ఆకుపచ్చ దారం.

"ఇది నా గాలం."

డ్రైవర్ తన చేతిలోని కర్రను ఎగాదిగా చూశాడు. ముగ్గురివీ ఒకేలాంటి కర్రలు. పొద దగ్గర చేతికందింది తీసుకొచ్చేశాడు. బస్టాండులో కూడా ఇలాగే ఏది కనబడితే అది ఎక్కేస్తావా అని మేష్టారు అడిగాడు. నా మీసం నన్ను వెతుక్కుంటూ వస్తే నా తప్పేముందని డ్రైవర్ దబాయించాడు.

కత్తెర బావకు అవేవీ వినబడలేదు. ముడిని గట్టిగా లాగి చూశాడు. కదల్లేదు. చేప పెదవి చూశాడు. సూదిమొనంత గుర్తు తప్ప గాయం లేదు. చెయ్యి వణికిందా? తెలియదు, దాని మీద ధ్యాసే లేదు. వణికి ఉంటే చేపకు తెలిసేది.

దాన్ని నీళ్లలోకి వదిలాడు. తోకతో అతని ముఖం మీద నీళ్లు చల్లి వెళ్లిపోయింది. చాలా రోజుల తర్వాత అతనికి ఊపిరి పొట్ట దాకా అందింది.

"రేపు షాపు తీస్తున్నా," అన్నాడు.

గడ్డాలు రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"ముందు డ్రైవరుకు గీయి," అన్నాడు మేష్టారు. "తేడా వచ్చినా మీసం కింద దాగిపోతుంది."

"బాగా చెప్పారు మేష్టారూ. మరి ఎన్నింటికి రమ్మంటావు బావా?"

"స్నానం చేసి రా. ఎప్పుడొచ్చినా సరే."

చేపవాసన కడుక్కోవడానికి అతను పడవ అంచు మీదుగా కుడిచేతిని చాచాడు. నీళ్లలో దాని నీడ సన్నగా వణుకుతోంది. పైన చెయ్యి నిలకడగా ఉంది. నీళ్లలో ముంచే ముందు అతను దాన్ని కాసేపు అలాగే ఉంచి చూసుకున్నాడు.