లైన్‌లో ఉండమ్మా

పోయిన బుధవారం మధ్యాహ్నం మేం అన్నాలు తింటుండగా కరెంటు పోయింది. రొంపిచెర్లలో ఇది డైరీలో రాసుకోవాల్సినంత విశేషం కాదు. పక్కింటి పిన్ని కిటికీలోంచి కరెంటాఫీసు వాళ్లను నాలుగు మాటలు అంది. నాన్న ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మొహమాటానికి గొంతు తగ్గించి తిట్టేది, ఇప్పుడు ఆ అడ్డం కూడా తొలిగింది. మా అమ్మ మాత్రం గరిటె చేత్తో పట్టుకునే తలెత్తి ముందుగది ఫ్యాన్ వైపు చూసింది. నేనూ చూశాను. ఆ తర్వాత ఇద్దరం ఒకేసారి, ఎదురుగా పీట మీద కూచుని గోంగూర కలుపుకుంటున్న నాన్న వైపు చూశాం. లైన్‌మన్‌గా రిటైరయి ఆయనకు నలభై రోజులైంది. కరెంటు పోయిన వేళ ఆయన ఇంట్లో ఉండటం మాకింకా అలవాటు కాలేదు. "ఏంది, ఇద్దరూ నన్ను చూస్తారు? నేనేం తియ్యలా," అన్నాడు నాన్న, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

ఆ సాయంత్రం ట్రంకుపెట్టెలో అడుగున ఉన్న నా పాత డైరీ తీశాను. తొమ్మిదో తరగతి నుంచి నాకు డైరీ రాసే అలవాటు. నోరు తెరిచి మాట్లాడటం చేతగాని వాళ్లకు మాటలు లోపల మిగిలిపోతాయి కాబోలు, వాటిని ఎక్కడో ఒకచోట దింపుకోవాలి. నరసరావుపేటలో పాత పుస్తకాలమ్మే కొట్లో, అట్ట ఊడిన ఇంగ్లీషు నిఘంటువు ఒకటి కొనుక్కున్నాను. దాంట్లో ఏ మాటకు ఎక్కువ అర్థాలున్నాయో చూడటం ఆ రోజుల్లో నాకు పెద్ద కాలక్షేపం. 'లైన్' దగ్గరకొచ్చేసరికి ఒక పేజీలో ముప్పాతిక భాగం దానికే పోయింది. అంత రాసినవాళ్లకు కూడా మా ఊరి లైన్లు సగం తెలియవనిపించి, డైరీలో ఒక పేజీ ఆ మాటకే కేటాయించాను.

ఆ పేజీ ఇప్పుడు చదువుతుంటే నవ్వొచ్చింది. రేషను కొట్టు ముందు లైన్, అందులో మనిషికి బదులు నిలబడే గోతాం సంచీ. నరసరావుపేటలో రైలు లైన్, దానికి అవతల ఉన్నవాళ్లకు అడ్రసంటే "లైన్ దాటాక" అనే రెండు మాటలే. వీధి చివర మోటార్లకు వైండింగ్ చేసే సాయిబుగారు తన కొడుకును "ఈ లైన్ వద్దురా, ఏసీల లైన్‌లోకి పో" అని రోజుకొకసారి బతిమాలడం. పెళ్లిసంబంధాల పేరయ్య అరుగు మీద కూచుని, అబ్బాయి పేరుకంటే ముందు అబ్బాయి ఏ లైన్‌లో ఉన్నాడో చెప్పడం. లెక్కల మాస్టారు ఎవరినైనా బెంచీ ఎక్కించేటప్పుడు "లైన్ దాటుతున్నావు" అనడం. వీటన్నిటి కింద చిన్న అక్షరాలతో, ఎవరైనా చదువుతారేమోనని పెన్సిలుతో, ఇంకొకటి రాసుకున్నాను. ఇంటర్ మొదటి సంవత్సరంలో బస్సులో ఒకబ్బాయి రోజూ నా వెనక సీటులో కూచునేవాడు. వాడు నాకు లైన్ వేస్తున్నాడని మా క్లాసు పిల్లలు తేల్చేశారు. నేను నెలరోజులు తలెత్తలేదు. చివరికి వాడి స్నేహితుడే ఆ కథ ముగించాడు: "లైన్‌మన్ కూతురికి లైన్ వేస్తావేందిరా, షాక్ కొట్టుద్ది." బస్సంతా నవ్వింది. వాడు ముందు సీటుకు మారిపోయాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో ఆ రోజు పేజీలో ఉంది. కొంచెం బాధ కూడా వేసిందని దాని కింద ఉంది.

ఇన్ని లైన్లున్నా మా ఇంట్లో ఆ మాటకు ఒక్కటే అర్థం. నాన్న స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ తీసుకుంటాడు. అంటే అక్కడి ఆపరేటరు ఆ లైన్‌లో కరెంటు ఆపి, ఫలానా మనిషి తీసుకున్నాడని పుస్తకంలో రాసుకుంటాడు. పని అయిపోయి, కిందికి దిగి, మనుషులందర్నీ లెక్కచూసుకున్నాక నాన్న మళ్లీ ఫోన్ చేసి లైన్ తిరిగి ఇచ్చేస్తాడు. తీసుకున్నవాడే ఇవ్వాలి. అతని గొంతు వినందే అవతల స్విచ్ మీద చెయ్యి పడకూడదు. ఇద్దరు మనుషుల మధ్య నోటిమాట మీద నడిచే ఆ కాస్త ఏర్పాటే మా నాన్నను ప్రతిరోజూ ఇంటికి పంపేది. ఇది నాకు చాలా చిన్నప్పుడే తెలుసు. ఎవరూ కూచోబెట్టి చెప్పలేదు. అమ్మ మొహం చూసి తెలుసుకున్నాను.

అమ్మకు ఒక పద్ధతి ఉండేది. కరెంటు పోతే వీధిలో అందరూ స్విచ్చులన్నీ ఆపేసి అరుగుల మీదికి వచ్చేవాళ్లు. మా ఇంట్లో మాత్రం ముందుగది ఫ్యాన్ స్విచ్ ఆపకూడదు. ఒకసారి నేను తెలియక ఆపబోతే, "దాని జోలికి పోబాకు" అని చెయ్యి మీద కొట్టింది. నాన్న పైన ఉన్నంతసేపూ ఆమె ఏదో పని పెట్టుకుని ఆ ఫ్యాన్‌కు ఎదురుగానే కూచునేది. రెక్కలు కదిలితే ఆయన కిందికి దిగినట్టు. వీధంతా "హమ్మయ్య, వచ్చింది" అని కరెంటును గురించి అనుకునేది, మేము మనిషిని గురించి అనుకునేవాళ్లం. తర్వాత రెండు నిమిషాలకు నాన్న ఫోన్ చేసేవాడు. "వచ్చిందా?" అనేవాడు. "వచ్చింది," అనేది అమ్మ. అంతే. ఆయన దృష్టిలో అది మా వీధికి సరఫరా అందిందో లేదో చూసుకోవడం, అంటే మా ఇల్లు ఆయనకు పెద్ద సైజు టెస్టర్. అమ్మ ఆ ఫోన్‌లో ఏం వినేదో ఆయనకు తెలియదు. మొగుడూ పెళ్లాలు రోజంతా మాట్లాడుకున్న మాటలు ఆ రెండే అయిన రోజులు కూడా ఉన్నాయి.

నా ఇంటర్ పరీక్షలయిన వేసవిలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. మా వైపు మే నెలలో వచ్చే గాలికి ముందు దుమ్ము, తర్వాత వాన, చివర తాటిమట్టలు. పొలాల్లో తుమ్మచెట్టు విరిగి లైన్ మీద పడిందని కబురొచ్చింది. నాన్న రేకుల టోపీలాంటి ఆ పసుపుపచ్చ టోపీ పెట్టుకుని బండి మీద వెళ్లిపోయాడు. అమ్మ ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి ఎండబెట్టిన మిరపకాయలు ముందుగదిలో పోసుకుని, ఆగిన ఫ్యాన్ కింద తొడిమలు తీస్తూ కూచుంది. నేను గడప దగ్గర పుస్తకం పట్టుకుని కూచున్నాను. గంటన్నర గడిచిందేమో, ఫ్యాన్ తిరిగింది. తొడిమలు గదంతా లేచాయి. అమ్మ గట్టిగా ఊపిరి వదిలి, గోనెపట్టాతో కాయలు కప్పి, ఫోన్ దగ్గరకు జరిగింది.

ఫోన్ మోగలేదు. ఐదు నిమిషాలు చూశాం. పది నిమిషాలు చూశాం. నేను నాన్న నంబరుకు చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. మళ్లీ చేసినా అదే. అప్పుడు అమ్మకూ నాకూ ఒకేసారి ఒక ఆలోచన వచ్చింది. ఇన్నేళ్లూ ఫ్యాన్ తిరిగితే ఆయన దిగినట్టు. ఆయన దిగకుండానే ఫ్యాన్ తిరిగితే? అమ్మ నా వైపు చూసి, "సబ్‌స్టేషన్‌కి చెయ్యవే," అంది.

నా సంగతి ఇక్కడ చెప్పాలి. అప్పటికి నేను తెలియనివాళ్లతో ఫోన్‌లో మాట్లాడి ఎరగను. మేనత్తతో మాట్లాడాలన్నా ముందు ఏం చెప్పాలో కాయితం మీద రాసుకునేదాన్ని. ఆ రోజు కూడా, సిగ్గులేకుండా చెబుతున్నాను, అంత గాభరాలోనూ డైరీ తెరిచి రాసుకున్నాను. ఆ కాయితం ఇప్పటికీ ఉంది, 'లైన్' పేజీకి వెనకే. "నమస్తే అండీ. నేను లైన్‌మన్ గారి అమ్మాయిని. మా నాన్న లైన్ తిరిగి ఇచ్చారా అండీ?" అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. గోడ మీద క్యాలెండరుకు పైన పెన్సిలుతో రాసి ఉన్న నంబరుకు చేసి, ఆ మూడు వాక్యాలూ చూసి చదివాను. అవతల పెద్దాయన గొంతు. ఏ వైపు లైన్ అని అడిగాడు. అది నా కాయితంలో లేదు. తుమ్మచెట్టు పడిన వైపు అన్నాను. ఆయన నవ్వలేదు. "లైన్‌లో ఉండమ్మా," అన్నాడు.

ఉన్నాను. రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు, దూరంగా ఏదో యంత్రం ఒకే శ్రుతిలో మోగుతున్న చప్పుడు, కాయితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించాయి. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. మిరపకాయల చెయ్యి, మంట పుట్టింది, అయినా కదల్లేదు. ఆ తర్వాత సెల్‌ఫోన్‌లో చూసుకుంటే మేం మాట్లాడింది మొత్తం రెండు నిమిషాలు కూడా లేదు.

"మీ నాయన లైన్ నా దగ్గరే ఉందమ్మా," అన్నాడాయన వచ్చి. "ఇంకా తిరిగి ఇయ్యలా."

"మా ఇంట్లో ఫ్యాన్ తిరుగుతోందండీ," అన్నాను. ఇదీ కాయితంలో లేదు.

"అది వేరే లైనమ్మా. మీ ఊరికి ఇవతల పక్క నుంచి ఇచ్చాం. ఊరి మొగదల స్విచ్ దించి, పొలాల వైపు మీ నాయనే విడగొట్టి పోయాడు. ఆయన పని చేసే వైపు కరెంటు లేదు. ఆయన నోటితో చెప్పిందాకా నేను దాన్ని ముట్టను. అమ్మకి చెప్పు."

అమ్మకు చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుంది, అదే చేత్తో. తర్వాత గంటసేపు కళ్లు కడుక్కుంటూనే ఉంది. పిన్ని వచ్చి అడిగితే "కారం పడిందిలే" అంది. అబద్ధమేమీ కాదు.

నాన్న దీపాలవేళకు వచ్చాడు, మోకాళ్ల దాకా బురదతో. బండి డిక్కీలో పెట్టిన ఫోన్ వానకు తడిసి ఆగిపోయిందట. కాళ్లు కడుక్కుని అన్నానికి కూచున్నాక, సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసింది ఎవరని అడిగాడు. అమ్మ నన్ను చూపించింది. "ఇదా? బస్సులో కండక్టరుకి ఊరి పేరు చెప్పను నోరు రాదు దీనికి," అన్నాడు. ఆ మాటను నేనింకా మెచ్చుకోలుగానే దాచుకున్నాను. తర్వాత ఆయన నిజంగానే అర్థంకాక అడిగాడు. "కరెంటు వచ్చింది గదా. ఇంక భయమెందుకు?"

"వచ్చింది కాబట్టే," అంది అమ్మ. అప్పుడు చెప్పింది ఫ్యాన్ సంగతి. ఎన్నేళ్ల నుంచి దాన్ని చూస్తూ కూచుంటుందో, స్విచ్ ఎందుకు ఆపనివ్వదో, నాలుగే ముక్కల్లో, కంచం వైపు చూస్తూ చెప్పింది. నాన్న కలిపిన అన్నం అలాగే ఉంచి తలెత్తి ఫ్యాన్‌ను చాలాసేపు చూశాడు. ఊరందరి ఇళ్లకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో తెలిసిన మనిషి, తన ఇంట్లో అది ఏమై వస్తుందో ఆ రోజే తెలుసుకున్నాడు. "ఫ్యాన్ని నమ్మబాకు ఇంకనుంచి," అన్నాడు చివరికి. "నేను చెప్తా."

చెప్పాడు కూడా. రిటైరయ్యేదాకా, సబ్‌స్టేషన్‌కు చేశాక రెండో ఫోన్ ఇంటికే. ఆఫీసు మాటలోనే, ఆఫీసు గొంతుతోనే, "లైన్ ఇచ్చేస్తన్నా" అనేవాడు. "తీసుకున్నా. వచ్చేటప్పుడు కొత్తిమీర తీసుకురా," అనేది అమ్మ. ఆ కొత్త అర్థం నా డైరీ పేజీలో అన్నిటికంటే కింద ఉంది, దీన్ని మాత్రం సిరాతో రాశాను.

బుధవారం నాడు ముప్పావుగంటకు కరెంటు వచ్చింది. నాన్న అప్పటికి చొక్కా విప్పేసి ముందుగదిలో నులక మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. రెక్కలు కదిలాయి. నెత్తిమీద గాలి తగులుతుండగానే, కళ్లు తెరవకుండా, "వచ్చిందా?" అన్నాడు. వంటింట్లోంచి అమ్మ, "వచ్చింది," అంది. మేం తలెత్తి చూస్తూ గడిపిన ఇన్నేళ్ల భయం ఆ మంచం మీద, ఆ గాలికి, తడిబట్టలా మెల్లగా ఆరుతున్నట్టుంది.