బావగారి బ్యాటరీ

మొన్న ఖమ్మంలో మా కారుకు కొత్త బ్యాటరీ వేయించాను. "దీంట్ల నీళ్లు పోసుడు ఉండది సార్, మూతనే రాదు" అన్నాడు షాపతను. మూత తియ్యడానికి వీల్లేని బ్యాటరీ కనిపెట్టినవాడు మా పెద్దబావ లాంటి మనిషిని ఎవరినో చూసే ఉంటాడు.

పెద్దబావ అంటే మా అక్క మొగుడు. వాళ్లు కోస్తా నుంచి వచ్చి బూర్గంపాడు దగ్గర పొగాకు, మిరప వేసి నాలుగు డబ్బులు చూశారు. డెబ్బైల చివర్లో ఆయన ఒక పాత కారు కొన్నాడు. ఊరు మొత్తానికి అదొక్కటే కారు కాబట్టి, కార్ల గురించి తనకు తెలియనిది లేదని ఆయనే తేల్చుకున్నాడు. బ్యాటరీ కోసం నన్ను వెంటబెట్టుకుని కొత్తగూడెం వెళ్లి, సంతలో గుమ్మడికాయలు చూసినట్టు ఒక్కోటీ ఎత్తి చూసి, బరువైనది కొన్నాడు. అది ఎన్నాళ్లుగా ఆ మూల దుమ్ము పట్టి ఉందో అడగలేదు. అడగడం ఆయనకు నామోషీ.

ఇంటికి తెచ్చాక టెర్మినళ్లకు పసుపు రాసి బొట్లు పెట్టాడు. అరల్లో నీళ్లు తగ్గినప్పుడల్లా భద్రాచలం రేవు నుంచి చెంబుతో తెప్పించిన గోదావరి నీళ్లు పోసేవాడు. మెకానిక్ చూసి తల పట్టుకున్నాడు. "గిదేంది సార్! డిస్టిల్ వాటరే పొయ్యాలె. గీ నీళ్లతోటి ప్లేట్లు ఖరాబైతయ్. పసుపు కడిగి గ్రీజు పెట్టుండ్రి."

"సీసాలో నీళ్లు ఎవడు పట్టాడో ఏమో! గోదావరికంటే శుద్ధమైనవి ఉన్నాయటయ్యా?" అన్నాడు బావ, పెద్ద పండితుడిలా. నేను బీఎస్సీ చదివినవాణ్ని. మెకానిక్ చెప్పింది నిజమని తెలుసు. అయినా నవ్వి ఊరుకున్నాను. ఆ చెంబు మోసింది కూడా నేనే.

మిరప కోతల రోజుల్లో ఒక పొద్దున, బావ దగ్గర పనిచేసే కోయ మనిషి పరుగెత్తుకొచ్చాడు. పెళ్లానికి నొప్పులు మొదలై రాత్రంతా గడిచింది, బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని చేతులెత్తేసింది. "దొరా, జల్దీ దవాఖానాకు తోల్కపోవాలె" అని రెండు చేతులూ జోడించాడు. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టాం. బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి తాళం తిప్పాడు. టక్కుమంది, అంతే. మళ్లీ తిప్పితే అది కూడా లేదు.

తోశాం. లోపల ఆమె అరుస్తుంటే బయట మొగుడు ఏడుస్తూ తోశాడు. బావ స్టీరింగు ముందు కూర్చుని "గట్టిగా తొయ్యండ్రా, తిండి తినడంలేదూ?" అని కసిరాడు. కారు ఎక్కడా అందుకోలేదు. గంటన్నరకు ఒక వెదురు లారీ దొరికితే అందులో భద్రాచలం చేర్చాం. తల్లి దక్కింది. మగబిడ్డ, దక్కలేదు. ఇంకాస్త ముందు తెస్తే బతికేవాడని డాక్టరమ్మ అంది.

"రాముడి ఇష్టం, మన చేతిలో ఏముంది?" అన్నాడు బావ. మర్నాడు ఆ మొగుడి చేతే వెనక సీటు కడిగించాడు. అతను "అవ్ దొరా" అని కడిగాడు. నేను అరుగు మీద కాఫీ తాగుతూ చూశాను. ఆ రోజు నుంచి బావంటే నాకు అసహ్యం. నా మీద నాకు అంతకంటే ఎక్కువ.

బావకిప్పుడు ఎనభై ఆరు, రాయిలా ఉన్నాడు. ఆ బిడ్డ బతికుంటే నలభై దాటేవి. ఎవరికెంత ఇవ్వాలో కాలానికి బొత్తిగా తెలియదు.