పాస్టరు గారు వినని పాట

నేను ఒక పాటను నొక్కిపెట్టాను. ఇన్నేళ్ళుగా మోస్తున్న బరువు ఇదే. ఒక్క వాక్యంలో రాసేస్తే ఇంత చిన్నదిగా కనిపిస్తుందని అనుకోలేదు. ఎవరి సొమ్మూ కాజేయలేదు, ఎవరి కాపురమూ కూల్చలేదు. ఒక అబద్ధం చెప్పాను, అంతే. దాన్ని ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోలేదు కాబట్టే అది నాతో ఉండిపోయింది. ప్రతి ఆదివారం నాతోపాటు గుడికొచ్చింది. క్వయర్ ముందు నిలబడి నేను చెయ్యెత్తిన ప్రతిసారీ అదీ నా పక్కనే నిలబడింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం రాయలేను. పిరికితనం అనుకోండి. కాదనను.

మా చర్చి భవానీపురంలో ఉంది. అక్కడ క్వయర్‌ని మొదట నడిపింది మా నాన్న. ఆడవాళ్ళలో పై గొంతు వాళ్ళని, కింది గొంతు వాళ్ళని, మగవాళ్ళలోనూ అలాగే విడదీసి, నాలుగు వరసలు కలిపి పాడించేవాడు. నాన్న తర్వాత ఆ పని నాకొచ్చింది. ఎవరూ నన్ను ఎన్నుకోలేదు. ఆయన కూతుర్ని కదా అని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు నేర్పడం వచ్చు. ఎవరి శృతి ఎక్కడ జారిందో చెవికి వెంటనే తెలుస్తుంది. కానీ లేని పాటను పుట్టించడం వేరే సంగతి. అది నాకు రాదన్న సంగతి అప్పటికి నాకు తెలియదు.

పాత గుడి కురుస్తోందని పడగొట్టి కొత్తది కట్టించారు. కట్టినంతకాలం రేకుల షెడ్డులో ఆరాధన జరిగేది. గోడలు లేచి ప్రతిష్ఠ దగ్గరపడ్డాక కమిటీ వాళ్ళూ పాస్టరు గారూ నన్ను పిలిపించారు. ప్రతిష్ఠ రోజున పాటల పుస్తకంలోది కాకుండా, మన గుడి కోసమే పుట్టిన పాట కావాలన్నారు. నాలుగు గొంతుల్లో, మన క్వయర్ పాడేలా. “నువ్వుండగా బయటివాళ్ళని అడగడమెందుకమ్మా” అన్నారు పాస్టరు గారు. నేను తలూపాను. ఇంటికొచ్చేదాకా నా కాళ్ళు నేల మీద లేవు.

తర్వాత హార్మోనియం ముందు కూర్చున్నాను. రోజూ కూర్చున్నాను. ఏది వాయించినా ఎక్కడో విన్న కీర్తన ముక్కే వచ్చేది. ఒక చరణం బాగుందనుకుని మర్నాడు పాడి చూస్తే అది నాన్న పాడించిన పాట తోకే. ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి వస్తోంది, వస్తోంది అన్నాను.

అప్పుడు సువార్తని అడిగాను. సువార్త మా క్వయర్‌లో కింది గొంతు పాడే అమ్మాయి. ఊరు పామర్రు దగ్గర. తండ్రి లేడు. తల్లి పొలం పనులకి వెళ్ళి చదివించింది. విజయవాడలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరి, గుణదలలో హాస్టల్లో ఉంటూ, ఏ డ్యూటీ ఉన్నా ప్రాక్టీసుకి మాత్రం వచ్చేది. సోల్ఫా, అంటే అక్షరాల్లో రాసిన స్వరాలు, చదవడం, ఒక గొంతు మీద ఇంకో గొంతు ఎలా కూర్చుంటుందో వినడం నేనే నేర్పాను. నన్ను అక్కా అనేది. అప్పుడప్పుడూ తనలో తాను చిన్న చిన్న వరసలు కట్టుకోవడం నేను విన్నాను. ఒక పల్లవి దొరికితే చాలు, మిగతాది నేను చూసుకుంటానులే అనుకుని, “నువ్వూ ఒకసారి ఆలోచించు” అన్నాను. సువార్త కూడా ప్రయత్నిస్తోందని పాస్టరు గారికీ చెప్పాను. ఆయన సంతోషించారు. అయ్యాక వినిపించమన్నారు.

సువార్త పల్లవి తేలేదు. పాటంతా తెచ్చింది.

మా ఇంట్లోనే పాడింది. ముందు కింది గొంతు వాళ్ళు మాత్రమే అందుకుంటారంది. “నీళ్ళొచ్చెనమ్మా, నేల తడిసెనమ్మా” అని చాలా నెమ్మదిగా, నడుం వంచి పని చేసేవాళ్ళకి ఊపిరి ఎంత వరకు వస్తుందో అంతవరకే సాగే వరస. కాలవలకి నీళ్ళు వదిలాక వరి ఊడ్పుల్లో వాళ్ళమ్మా తోటివాళ్ళూ పాడుకునే పాటల నడక అది. ఆ నడక మీద ఆమె దేవుడికి కృతజ్ఞత రాసింది. ఎండిన చోటికి నడిచొచ్చిన నీళ్ళు నువ్వే అని. పై గొంతు వాళ్ళు బదులిస్తారు. మగ గొంతులు చాలాసేపు రానే రావు. వచ్చినప్పుడు ఎక్కడో కిందనుంచి, మడిలోకి నీళ్ళు ఎక్కినట్టు వస్తాయి. ఒక్కో గొంతూ తనే పాడి చూపించి, చివర్న నన్ను పై గొంతు పాడమని తను కింది గొంతు పాడింది. ఇద్దరమే పాడాం. అయినా గదిలో నలభైమంది ఉన్నట్టనిపించింది.

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ వెంటనే ఒళ్ళంతా చల్లబడింది. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నానో. అసూయ అంటే సరిపోతుందా? నేను నేర్పిన పిల్ల నన్ను దాటిపోయిందని కుళ్ళుకున్నానా? అదీ ఉంది. కానీ దాని కింద భయం ఉంది. ఈ పాట ఒక్కసారి గుళ్ళో మోగితే నాన్న కూతుర్ని అన్న మాట తప్ప నా దగ్గరేమీ లేదని అందరికీ తెలిసిపోతుంది. ముందు నాకే తెలిసిపోయింది.

“అమ్మకి చెప్పానక్కా. ప్రతిష్ఠకి తీసుకొస్తాను” అంది సువార్త. పాస్టరు గారికి నేను వినిపిస్తానన్నాను.

వినిపించలేదు. ఆయన ఇంటికి వెళ్ళాను. టీ తాగాను. కుర్చీలు ఎన్ని వెయ్యాలో మాట్లాడి వచ్చేశాను. ఇంకో సంగతి మీకు చెప్పాలి. పాస్టరు గారి తల్లి కూడా ఊడ్పులకి వెళ్ళిన మనిషే. పీఠం మీదనుంచే ఆయన ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ పాట వింటే ఆయనకి కళ్ళనీళ్ళు ఆగేవి కావు. నాకు తెలుసు. తెలుసు కాబట్టే వినిపించలేదు.

తర్వాతి ప్రాక్టీసుకి ముందు షెడ్డు బయట సువార్త నాకోసం నిలబడి ఉంది.

“పాస్టరు గారికి వినిపించానమ్మా” అన్నాను.

“ఏమన్నారక్కా?”

“ఆయనకి నచ్చలేదు.”

“ఎక్కడ నచ్చలేదంట? మారుస్తాను.”

అక్కడ ఆగిపోయి ఉండొచ్చు. కానీ మార్చమంటే మార్చి తెస్తుంది. ఇంకా బాగా మార్చి తెస్తుంది. ఆ దారి కూడా మూసెయ్యాలి. ఎక్కడ కొడితే ఆమె మళ్ళీ అడగదో నాకు తెలుసు. నా దగ్గర దాపరికం లేకుండా మాట్లాడిన పిల్ల కదా.

“మారిస్తే పోయేది కాదమ్మా. ఊడ్పుల పాటలా ఉందన్నారు. పొలంలో పాడుకునేది పొలంలోనే బాగుంటుంది, దేవుడి సన్నిధిలో కాదన్నారు.”

సువార్త ముఖం చూడలేక ఆమె చెప్పుల వైపు చూశాను. ఒక కాలి వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి.

“పోన్లెండక్కా. నిజమేగా, ఊడ్పుల పాటే” అంది. మళ్ళీ తనే, “నాకోసం అడిగి మీరు మాట పడ్డారు. ఏమనుకోకండి” అంది.

నన్ను ఓదార్చింది! ఆ పూట నేను క్షమాపణ అడిగి ఉంటే? అడగలేదు. లోపలికెళ్ళి హార్మోనియం మూత తీశాను.

చివరికి నాకు చేతనైనదేదో నేను రాశాను. పాత కీర్తనల ముక్కలు అతుకు కనపడకుండా కుట్టిన పాట. సువార్త కూడా దాన్ని నేర్చుకుంది. మగవాళ్ళ వరస ఒకచోట పట్టి పట్టి ఉంటే, “ఇక్కడ ఒక్క స్వరం దించితే సాఫీగా పోతుందేమో అక్కా” అని సర్దిపెట్టింది కూడా. ప్రతిష్ఠ రోజు పాట అయిపోయాక నాకు శాలువా కప్పారు. సువార్త వాళ్ళమ్మ వచ్చింది. నీలం చీర కొత్తది, గంజి ఇంకా తగ్గలేదు. ఆరాధన అయ్యాక నా రెండు చేతులూ పట్టుకుని, “మా పాపకి ఇదంతా నేర్పింది తమరేనంట గదమ్మా. సల్లగుండాల తల్లీ” అంది. ఆమె అరచేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. నేను నవ్వాను. నవ్వగలిగాను.

ఆ సాయంత్రం పాస్టరు గారు సువార్త పాట ఏమైందని అడిగారు. “తన వల్ల కాలేదండీ” అన్నాను. పాపం, అన్నారాయన. అలా అటు వైపు తలుపు కూడా వేసేశాను.

ఆ తర్వాత సువార్త వరసలు కట్టడం నేను వినలేదు. వచ్చేది, పాడేది, వెళ్ళిపోయేది. పెళ్ళయి గుడివాడ వెళ్ళింది. కొన్నేళ్ళకి వాళ్ళమ్మ పోయింది. క్వయర్‌ని తీసుకుని నేనూ వెళ్ళాను. సమాధి దగ్గర పుస్తకంలో పాటలు పాడించాను. ఆ రోజు చెప్పడానికి ఎంత దగ్గరగా వచ్చానో! సువార్త నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఈ సమయంలోనా చెప్పడం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మంచి సాకులన్నీ దయలాగే కనిపిస్తాయి.

పాస్టరు గారూ పోయారు. ఇంక అబద్ధం బయటపడే దారి లేదు. అయినా నాకు నిద్ర పట్టేది కాదు. ఎందుకంటే ఆ పాట నాకు గుర్తుంది. నాలుగు గొంతులూ. ఒక్కసారి విన్నదే, ఒక్క స్వరమూ పోలేదు.

ఈమధ్య కొత్తగా వచ్చిన పాస్టరు గారు గుడి వార్షికోత్సవానికి మళ్ళీ ఒక కొత్త పాట కావాలన్నారు. నేనేం చేశానో అదీ రాయాలి. ప్రాక్టీసులో కింది గొంతు వాళ్ళని నిలబెట్టి, “నీళ్ళొచ్చెనమ్మా” నేర్పాను. ఎవరిదో చెప్పలేదు. ఎందుకు నేర్పాను? కనీసం ఇప్పుడైనా ఆ పాట బతకాలనా? లేక నాకిప్పుడు కూడా పాట పుట్టలేదనా? రెండూ కావచ్చు. వాళ్ళు పాడటం ఆపారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ, “ఎంత బాగుందండీ! మీరే రాశారా?” అంది.

అవును అనే మాట నా నాలుక మీదికి వచ్చింది. ఇన్నేళ్ళు కుమిలిపోయిన మనిషి నోట్లోకి అంత తేలిగ్గా వచ్చింది! అప్పుడు నన్ను చూసి నాకు భయమేసింది. “నాది కాదు” అని బయటికొచ్చి సువార్తకి ఫోన్ చేశాను.

అంతా చెప్పాను. సాకులు చెప్పకూడదనుకున్నాను, అయినా ఒకటి రెండు దొర్లాయి. వెనక కుక్కర్ విజిల్ వినిపించింది. సువార్త ఎవరో పిల్లని పక్క గదిలోకి వెళ్ళమంది.

“అయితే పాస్టరు గారు అసలు వినలేదా?”

“లేదమ్మా.”

“ఆయన అలా అన్లేదా?”

“ఆ మాటలు నావే.”

సువార్త నెమ్మదిగా అంది: “అమ్మకి ఆ రోజే చెప్పానక్కా, ఆయన ఇలా అన్నారని. అప్పట్నుంచి అమ్మ పాడటం మానేసింది. ఊడ్పుల్లో కూడా. అందరూ పాడుతుంటే తను ఊరికే పని చేసేదంట. దేవుడికి ఇష్టం లేనిది మనకెందుకులేవే అనేది. పోయేదాకా పాడలేదు.”

నేను క్షమించమన్నాను. ఫోన్ పెట్టేసింది. తర్వాత రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. ఇక చెయ్యను. క్షమించే భారం కూడా ఆమె మీదే వెయ్యడం న్యాయం కాదు.

మరుసటి ప్రాక్టీసులో క్వయర్ అందరి ముందూ చెప్పాను. పాట ఎవరిదో, నేను ఏం చేశానో. కొత్త పాస్టరు గారి ముందూ చెప్పి, క్వయర్ ఇంకెవరికైనా అప్పగించమన్నాను. నా వైపు చూడకుండా కొందరు పుస్తకాలు తిరగేశారు. ఆ పాట పాడటం లేదు. సువార్త పాడమనలేదు, వద్దనలేదు. ఆమె అనేదాకా దాన్ని ముట్టుకునే హక్కు మాకు లేదు. వార్షికోత్సవానికి పుస్తకంలోంచే పాడారు. ఇప్పుడు నేను వెనక వరసలో కూర్చుంటున్నాను.

పామర్రు పొలాల్లో, అందరూ పాడుతుంటే నోరు విప్పకుండా నారు నాటిన ఆ మనిషి గురించి నేనేం చెయ్యగలను? ఏమీ చెయ్యలేను. ఆమెకి దేవుడి పేరు మీద అబద్ధం చెప్పింది నేను. ఆ చేతులు పట్టుకుని నవ్వింది నేను.

పాట బాగుంది. నా జన్మలో నేను విన్న పాటలన్నిటిలో అదే బాగుంది. అది దేవుడి సన్నిధిలో పాడవలసిన పాటే. ఇంత చిన్న మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. రాసేశాను. తేలికయ్యానని అనను. కానీ అబద్ధం ఇప్పుడు నా ఒక్కదాని దగ్గర లేదు. ఊపిరి కొంచెం అందుతోంది.