సత్తయ్య మూర, నా మూర

ఉదయం తొమ్మిదింబావుకు అత్తాపూర్‌లో శంషాబాద్ బస్సెక్కాను. పక్క సీటాయన దుబాయ్ పోతున్నాడట, కాళ్ల దగ్గర పెద్ద సూట్‌కేసు. నా సంచిలో ఒక ఉన్ని చిలప, రెండు జామకాయలు.

"నువ్వు యాడికి బాపూ?"

"కొత్వాల్‌గూడకు. చేతులు తెచ్చుకోనీకి."

ఆయన సూట్‌కేసును ఇంకాస్త తన వైపు లాక్కున్నాడు.

నిజం చెప్పాలంటే విషయం అదే. మా ఆవిడ రూతమ్మ ఏటా చలికాలానికి మా చర్చిలోని పసిపిల్లలకు టోపీలు అల్లుతుంది. ఉన్ని చిలపలుగా, అంటే వదులు చుట్టలుగా వస్తుంది. దాన్ని ఉండ చుట్టాలంటే ఎవరో ఒకరు చేతులు రెండూ చాపి చిలప పట్టుకోవాలి. ముప్ఫై ఏళ్లుగా ఆ ఎవరో ఒకరు నేనే. మొన్న భుజం పట్టేసింది. చెయ్యి లేపొద్దని డాక్టరు అన్న రోజే రూతమ్మ ఉన్ని మొత్తం అటకెక్కించింది. "కండ్లు గుంజుతున్నయ్, ఇగ అల్ల" అంది. వట్టి అబద్ధం! పక్కింటి మేడ మీద ఆరేసిన చీర అంచు రంగు ఇక్కణ్ణుంచే చెబుతుంది. నాకు ప్రాణం ఒప్పలేదు.

అందుకే కొత్వాల్‌గూడ వడ్రంగి సత్తయ్యకు ఫోన్లో చెప్పి, చిలప తగిలించే నాలుగు రెక్కల కొయ్య చేయమన్నాను. రెక్క చివర నిలువుగా ఒక్కో మేకు, నడుమ ఇరుసు మీద కొయ్య తిరగాలి.

పదింటికి శంషాబాద్‌లో దిగి, చాయ్ తాగి, షేర్ ఆటోలో పదిన్నరకు సత్తయ్య ఇల్లు చేరాను. ఆరడుగుల మనిషి. టేకు కొయ్య నున్నగా మెరుస్తోంది. మురిసిపోతూ చిలప తగిలించాను. మూడు మేకులకు ఎక్కింది. నాలుగోదానికి అందలేదు.

"గుంజకు అన్నా, తెగుతది!" అన్నాడు సత్తయ్య.

"ఎదురెదురు మేకుల నడుమ మూరెడే కదయ్యా చెప్పింది?"

"మూరెడే పెట్టిన!" అంటూ కొయ్య మీద మోచెయ్యి ఆనించాడు. వేలి కొన సరిగ్గా ఎదుటి మేకును తాకింది.

"నా మూర చెప్పాను!"

"ఫోన్ల నీ చెయ్యి కనబడ్తదా?"

అంతలో నెత్తి మీద విమానం. అది పోయేదాకా ఇద్దరం ఒకరినొకరం గుర్రుగా చూసుకున్నాం. చప్పుడు తగ్గేసరికి సత్తయ్యకు నవ్వాగలేదు, నాకూ ఆగలేదు.

"ఇగ పెట్టన్నా నీ మూర," అని నా చేతిని కొయ్య మీద పరిచి, కొలత చూసి పెన్సిల్‌తో గీతలు పెట్టాడు. మేకులు పీకి, లోపలికి జరిపి కొత్త బెజ్జాలు వేశాడు. ఈసారి చిలప నాలుగింటికీ ఎక్కింది. దారం కొస లాగితే కొయ్య గిర్రున తిరిగింది. పాత బెజ్జాలు అట్లాగే ఉన్నాయి. నా తర్వాత పోయేవాళ్లు టేపుతో కొలిచి చెప్పండి, బాబూ.

పన్నెండున్నరకు తిరుగు బస్సు. కొయ్య ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరమ్మ టికెట్ కొడుతూ, "ఏంది బాపూ గిది, హెలికాప్టరా? ఎయిర్‌పోర్టుల రానియ్యలేదా?" అంది. బస్సంతా నవ్వింది. నవ్వనీ. ఏ విమానమెక్కినా నాకింత సంబరం ఉండదు.

ఆరాంఘర్ దాటాక రూతమ్మకు ఫోన్ చేసి కొయ్య సంగతి చెప్పాను.

"అటక మీది ఎర్ర ఉన్ని దించిన," అంది. "పొద్దుగాల నువ్వు సంచిల చిలప పెట్టుకుంటుంటే చూసిన, అటు పోంగనే దించిన. అదొక్కతే తిరుగుతదా?"

"గిర్రున తిరుగుతుంది. నా చేతులతో పని లేదు."

"తిరుగుతది సరే. నేను ముచ్చట చెప్తుంటే నడుమ నడుమ ఊఁ అంటదా?"

పక్కవాళ్లు చూస్తున్నారని కిటికీ వైపు తిరిగాను.

"ఊఁ," అన్నాను.