ఖాళీగా కనిపించిన గేటు

ఈమధ్య పెళ్లి భోజనాల్లో పెరుగు వచ్చేలోపే విస్తరి ఎత్తేస్తున్నారు. ఫిర్యాదు చేసేంత పెద్ద విషయం కాదు. అయితే చిన్న చికాకులంటే నాకు గౌరవం. ఉద్యోగంలో నేను చేసిన ఒకే ఒక్క కొత్త పని అలాంటి చికాకు నుంచే పుట్టింది.

2001 ఫిబ్రవరిలో గుంటూరు శివార్లలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఇంజినీరుగా చేరాను. సీజనులో ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరేవి. వినుకొండ వైపు రైతులు బయల్దేరేముందు ఫోన్ చేసి, గేటు ఖాళీగా ఉందా అని అడిగేవారు. ప్రతి ఫోనుకూ నేను మేడ దిగి, మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ చూసి రావాలి. అది భరించలేక కిటికీకి ఒక చిన్న కెమెరా బిగించాను. గేటు బొమ్మ కాసేపటికోసారి ఇంటర్నెట్ పేజీలో మారుతుండేది. వినుకొండలో నెట్ సెంటర్ నడిపే మస్తాన్‌వలి దాన్ని రైతులకు చూపించేవాడు. నెట్ నడిచినంతసేపూ మా ఫోన్ లైను దొరకదు కనుక ఫోన్లు ఆగిపోయాయి. యజమాని అది నా ఘనత అనుకున్నారు. నేను అడ్డు చెప్పలేదు.

ఏప్రిల్లో ఒక ఉదయం గేటు పూర్తిగా ఖాళీ. బొమ్మ చూసినవాళ్లందరూ ఒకేసారి బయల్దేరారు. మధ్యాహ్నానికి ట్రాక్టర్ల వరస మెయిన్ రోడ్డు దాకా పాకింది. పైన మబ్బు కమ్మింది. తడిసిన టిక్కీని, అంటే మిర్చి బస్తాను, మేం లోపలికి తీసుకోం. ఒకటి బూజు పడితే పక్కవాటికీ అంటుకుంటుంది. వరసలో చివరనున్న కౌలు రైతు కోటేశ్వరమ్మకు ఆ ట్రాక్టరు ట్రక్కులో ఉన్నదే ఏడాది పంట.

తూకం వేసి, బస్తా మీద రైతు మార్కా రాశాకే సరుకు షెడ్డులోకి రావాలన్నది పద్ధతి. హమాలీల మేస్త్రి సుభానీ ఆకాశం వైపు చూసి, "ఒరేయ్, తూకం సంగతి తర్వాత! ముందు కప్పు కిందకి లాగండ్రా!" అని కేకేశాడు. నా వైపు తిరిగి, "మీరూ ఓ చెయ్యెయ్యండి సారూ, రేపు తుమ్ముకుందురు గానీ" అన్నాడు. మార్కా లేని బస్తాలు కలిసిపోకుండా రైతులు ఎవరి గుట్ట మీద వాళ్లు కూర్చున్నారు. వాన దంచికొట్టేలోపే కోటేశ్వరమ్మ ఆఖరి టిక్కీ షెడ్డులో పడింది. సుభానీకి నేనిప్పటికీ రుణపడే ఉన్నాను.

తర్వాత మస్తాన్‌వలి దగ్గర లెక్క తీసుకుని, దారిలో ఎన్ని ట్రాక్టర్లున్నాయో కూడా ఆ పేజీలో పెట్టాం. ఆ ఆలోచన నాది కాదు. ఆ సాయంత్రం కోటేశ్వరమ్మకు టీ ఇప్పించి, కెమెరా చూపించి, రైతులు ఎదురుచూడకూడదనే దీన్ని పెట్టానని కాస్త వివరంగానే చెప్పాను. ఆవిడ అంతా విని గ్లాసు కింద పెట్టింది.

"ఖాళీ అని ఊరందరికీ చూపిస్తే, ఇంకెక్కడ ఖాళీ ఉంటదండీ?"