సేనాపతి తలకు అసలైన శిరస్త్రాణం

ఒక మాటకు సరైన అర్థం తెలిసినందువల్ల ఊరంతటి ముందు ఒక పద్యనాటకం ఎలా కూలిపోయిందో చెబుతాను. అర్థంలో తప్పు లేదు. తప్పంతా నాది.

అప్పుడు నేను నరసరావుపేటలో మెకానికల్ డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నాను. ఈపూరు దగ్గర మా ఊళ్లో సుబ్బయ్య బాబాయి ఏటా సేనాపతి వేషం కట్టేవాడు. రాజు వేషగాడికి పద్యం పద్యానికీ జనం ‘వన్స్ మోర్’ అని కేకలేసేవారు. బాబాయికి ఒక్కసారి కూడా ఆ కేక పడలేదు. ఆ దిగులుతో మనిషి సగమయ్యాడు.

“పాట బానే ఉంది బాబాయ్. తలమీదదే తేడా,” అన్నాను, బంగారు కాగితం అంటించిన అట్టటోపీని చూసి.

“ఏందిరా తేడా?”

“దాన్ని శిరస్త్రాణం అంటారు. సంస్కృతం మాట. శిరస్సంటే తల, త్రాణమంటే రక్షణ. యుద్ధంలో కత్తివేటు నుంచి తలను కాపాడాలి. నీది చినుకును కూడా ఆపదు.”

“అయితే అసలుది నువ్వే చేయించరా!”

డ్రాయింగ్ గీశాను. నుదురు, మెడ, రెండు చెవులు, అన్నీ ఇనపరేకుతో మూసేశాను. లోపల దూది. వెల్డింగ్ షాపు మస్తాన్ అన్న కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

“టోపీయా, పాలక్యానా? ఎవరి మీదకి పోతన్నారు యుద్ధానికి?”

నాటకం రోజు రానే వచ్చింది. హార్మోనియం ఒక శ్రుతి ఇచ్చింది. బాబాయి వేరే శ్రుతి ఎత్తుకున్నాడు. చెవులు మూసుకుపోయినవాడికి హార్మోనియం ఎక్కడ వినబడుతుంది? రేకు లోపల తన గొంతే బావిలో పాడినట్టు మోగుతోంది. అది ఆయనకు చానా నచ్చినట్టుంది.

“ఆపవయ్యా!”

“దిగు సుబ్బయ్యా, దణ్ణం పెడతా!”

జనమంతా లేచి చేతులూపారు. బాబాయికి కనబడింది ఎత్తిన చేతులు, తెరిచిన నోళ్లు. మా వైపు వేషగాడికి దానికి ఒకటే అర్థం. కళ్లనీళ్లు పెట్టుకుని, వంగి నమస్కరించి, పద్యం మొదటి నుంచి ఎత్తుకున్నాడు. కేకలు పెరిగాయి. మళ్లీ పాడాడు. ఎక్కడి నుంచో ఒక చెప్పు వచ్చి శిరస్త్రాణానికి టంగుమని తగిలింది. తెర దించేశారు.

తెర వెనక కొబ్బరినూనె పోసి, తలకు బిగుసుకుపోయిన రేకును ఊడలాగాను.

“చూశావంట్రా వన్స్ మోర్లు!” బాబాయి ముఖం వెలిగిపోతోంది. “చివర్లో ఎవరో రూపాయి బిళ్ల కూడా విసిరారు. దొరికిందా?”

“దొరికింది బాబాయ్,” అన్నాను, చెప్పును వీపు వెనక్కి జరుపుతూ.

ఆయన తలకు చిన్న గీత కూడా పడలేదు. ఆ మాట అర్థం అంతే కదా!

అయినా పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ మాటకైనా అర్థం నోటితోనే చెబుతాను. వెల్డింగ్ చేయించను.